పోత ఇనుము లోపల

మద్రాసు నుంచి మిషను దిగిన రోజున ఫౌండ్రీలో పోత ఆపేశారు. లారీలోంచి ఆ చెక్కపెట్టె దించడానికి అచ్చులు కట్టే మౌల్డింగు షెడ్డులో పనిచేసే మనుషులందరూ కావలసివచ్చింది. జులై నెల. తణుకు చుట్టుపక్కల చేలల్లో నాట్లు పడుతున్నాయి. ముసురు వదలడం లేదు. ప్రొప్రయిటరు జోగేశ్వరరావుగారు గొడుగు పట్టుకుని బురదలో నిలబడి, "నెమ్మదిగా బాబూ, లోపల అద్దాలున్నాయి" అని కేకలేస్తున్నారు. పెట్టె మీద టార్పాలిన్ కప్పి, కింద ఇనుప గొట్టాలు దొర్లించి, మనుషులు తడుస్తూ, కొత్తగా స్లాబు వేసి ఏసీ బిగించిన గదిలోకి దాన్ని అంగుళం అంగుళం చొప్పున జరిపారు.

లేబొరేటరీ కిటికీలోంచి బేబి చూస్తోంది. ఆమె ఎడమచెయ్యి బ్యూరెట్టు కొళాయి మీద ఉంది, కుడిచెయ్యి ఫ్లాస్కు మెడ పట్టుకుని తిప్పుతోంది. చూపు కిటికీ వైపు పోయేసరికి రెండు చుక్కలు ఎక్కువ పడ్డాయి. లేత గులాబీ దగ్గర ఆగాల్సిన రంగు ముదిరి వంకాయ రంగుకు పోయింది. పొద్దుట్నుంచి చేసిన మాంగనీసు పరీక్ష మళ్ళీ మొదటికొచ్చింది.

"ఏంటమ్మా, చెయ్యి తప్పిందా?" అన్నాడు యెహెజ్కేలు. ఆయన లేబొరేటరీ అటెండరు. గాజుసామాను కడగడం, ఆసిడ్లు కలపడం, ఇనుప రజను తూకానికి సిద్ధం చెయ్యడం ఆయన పని. నైట్రిక్ ఆసిడ్ తగిలీ తగిలీ ఆయన వేళ్ళ కొసలు పసుపు రాసినట్టుంటాయి.

"చెయ్యి కాదు అన్నయ్యా, చూపు తప్పింది" అంది బేబి, ఫ్లాస్కు సింకులో వంపుతూ.

ఆ ఫౌండ్రీలో చక్కెర మిల్లులకు చెరుకు పిండే రోలర్లు, రైతుల పంపులకు కేసింగులు పోస్తారు. కరిగిన ఇనుములో కర్బనం ఎంత, సిలికాన్ ఎంత, మాంగనీసు ఎంత, గంధకం, భాస్వరం ఎంతెంత అన్నది తేల్చవలసింది లేబొరేటరీ. తేల్చడమంటే రజనుని ఆసిడ్లో కరిగించడం, గోధుమరంగు పొగ పోయేదాకా కాయడం, వడగట్టడం, ఆరబెట్టడం, తూచడం, చుక్క చుక్కగా రంగు మారేదాకా ఒంటికాలి మీద నిలబడ్డట్టు చూడడం. ఒక పోత సంగతి పూర్తిగా తెలిసేసరికి ఆ పోతలో పోసిన రోలరు చల్లారి, అచ్చులోంచి బయటికొచ్చి కూర్చునేది. అలా పన్నెండేళ్ళుగా చేస్తోంది బేబి. బియస్సీ పాసై, ఊళ్ళో లూథరన్ స్కూల్లో టీచరు ఉద్యోగం ఇస్తామంటే కాదని ఇక్కడ చేరింది. చేర్చుకున్నది, పిపెట్టు పట్టడం దగ్గర్నుంచి నేర్పింది చీఫ్ కెమిస్టు గోపాలకృష్ణమూర్తిగారు.

మిషను బిగించడానికి మద్రాసు నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. అద్దాల తలుపులు మూసుకుని లోపలే పనిచేసుకున్నాడు. అంతా అయ్యాక అందర్నీ పిలిచాడు. చెప్పులు బయట విడిచి వెళ్ళారు. అతను రూపాయి బిళ్ళంత ఇనుప ముక్కని ఎమరీ చక్రం మీద అరగదీసి, మిషను నోటికి బిగించి, మీట నొక్కాడు. లోపల ఊదారంగు మెరుపు బరబరమంది. అంతలోనే కాగితం చీలిక ఒకటి టకటకలాడుతూ బయటికి వచ్చింది. కర్బనం దగ్గర్నుంచి భాస్వరం దాకా అన్నీ వరసగా అచ్చై ఉన్నాయి.

"అయిపోయిందా?" అన్నారు జోగేశ్వరరావుగారు.

"అయిపోయిందండి."

"మా వాళ్ళకి రోజంతా పడుతుందండీ బాబూ" అని ఆయన నవ్వారు. నవ్వులో ఎగతాళి లేదు, సంతోషమే ఉంది. అయినా బేబికి చెంపలు వేడెక్కాయి.

అదే ముక్కకు బేబి కిందటి రోజు కట్టిన అంకెలు మూర్తిగారు జేబులోంచి తీసి ఇంజినీరుకిచ్చారు. అతను పక్కపక్కన పెట్టి చూసుకుని కనుబొమలెత్తాడు. "ఎక్కడా తేడా లేదు సార్. మీ కెమిస్టు చెయ్యి చాలా మంచి చెయ్యి" అన్నాడు.

పోయినవాళ్ళ గురించి ఇంటి ముందు చేరి నాలుగు మంచిమాటలు చెప్పుకుంటారు చూశారూ, ఆ మెచ్చుకోలు అలా వినిపించింది బేబికి. చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని బయటికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న మూర్తిగారు టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఎవరివైపూ చూడకుండా, "మిషను మీద చినబాబు కూచుంటాడు. ఇంజినీరుగారు వెళ్ళేలోపు పని నేర్చుకోవాలి" అన్నారు. అంతే. బల్ల అంచు తడిమి గ్లాసు పెట్టి వెళ్ళిపోయారు.

చినబాబు కెమిస్టుగా చేరి మూడేళ్ళు కూడా కాలేదు. మంచివాడే, చురుకైనవాడే. బ్యూరెట్టులో గాలిబుడగ ఉందో లేదో చూసుకోవడం అతనికి నేర్పింది బేబే. అతను బేబి వైపు చూసి, ఏమనాలో తెలియక, కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇంకో కెమిస్టు పల్లంరాజు గొంతు తగ్గించి చెప్పాడు. "నన్ను డిస్పాచి సెక్షనుకి వెయ్యమన్నారటండి. మిమ్మల్ని కూడా అక్కడికేనని మేనేజరుగారి గదిలో అనుకుంటున్నారు. యెహెజ్కేలు సంగతి మరీ అన్యాయం. ఆసిడ్లే లేకపోతే సీసాలెందుకు, సీసాలు లేకపోతే కడిగేవాడెందుకు?"

యెహెజ్కేలు అక్కడే సింకు దగ్గర ఉన్నాడు. విన్నాడో లేదో, నీళ్ళ చప్పుడు ఆగలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళాక బేబి బియ్యం కడుగుతూ ఆ మాటలు భర్తకు చెప్పింది. లాజరు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. స్లేట్లు దిద్దీ దిద్దీ చేతులకంటిన సుద్ద కడుక్కుంటూ విన్నాడు. "మూర్తిగార్ని అడగలేకపోయావా?"

"ఏమని అడగను? నన్ను పెట్టండి అని అడుక్కోనా?"

వసారాలో కూర్చున్న అత్తగారు సంపూర్ణమ్మ అందుకుంది. "ఎందుకడక్కూడదు? ఆడపిల్లవని పక్కన పెట్టారేమో. మన కులం చూసి పెట్టారేమో. అడిగితే గదా తెలిసేది."

మూర్తిగారు అలాంటివారు కారని బేబి అనబోయి ఆగింది. కాకపోతే మరెందుకు? కడిగిన నీళ్ళు తేటపడ్డా ఆమె ఇంకా బియ్యం కడుగుతూనే ఉంది. లాజరు వచ్చి చేతిలో గిన్నె తీసుకున్నాడు.

జోగేశ్వరరావుగారి గదిలోకి బేబి అంతకుముందు తనంతట తాను ఎప్పుడూ వెళ్ళలేదు. ఆయన తాత తణుకు బజార్లో కిరాణా కొట్టు పెట్టుకున్నవాడు. ఆ కొట్టులో నేర్చుకున్న మర్యాద ఆయనకు ఇంకా పోలేదు. గుమ్మంలో ఎవరు కనిపించినా లేచి నిలబడినంత పని చేస్తారు.

"రండమ్మా, కూచోండి. ఏంటి విశేషం?"

బేబి కూర్చోలేదు. "పన్నెండేళ్ళు చేశానండి. నా అంకెల్లో తప్పుంటే చెప్పండి. మిషనుకి నేను ఎందుకు పనికిరానో తెలుసుకుందామని వచ్చాను."

ఆయన ఇబ్బందిగా కుర్చీలో కదిలారు. "నేను మీ పేరే అనుకున్నానమ్మా. సీనియర్ కదా. మూర్తిగారే వద్దన్నారు. బేబిని మాత్రం దాని మీద పెట్టకండి అని గట్టిగా అన్నారు. ఆయన మాట కాదని నేనేం చెయ్యను? లేబొరేటరీ ఆయనది."

మెట్లు దిగుతుంటే బేబికి కోపం రావలసినచోట ఏడుపు వస్తోంది. వర్షంలో గొడుగు లేకుండానే ఆవరణ దాటింది. లేబొరేటరీ ముందు ఒక లారీ ఆగి ఉంది. దాని వెనక మూర్తిగారు నిలబడి ఉన్నారు. తెల్లచొక్కా భుజాల మీద తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

లారీలో ఒక రోలరు. కొద్దిరోజుల కింద ఇక్కడినుంచే ఒక చక్కెర మిల్లుకు వెళ్ళింది. వాళ్ళ వర్క్‌షాపులో లేతు మీద రోలరుకి చెరుకును పట్టే పళ్ళు కోస్తుంటే టూలు విరిగిపోయిందట. ఇంకో టూలు పెడితే అదీ విరిగిందట. చివరకు రోలరు అంచున ఇంత పొడుగు పగులు బయటపడింది. 'మీ ఇనుము మంచిది కాదు. మిగతా రోలర్లు ఇంకెవరితోనైనా పోయించుకుంటాం' అని లారీ డ్రైవరు చేత చెప్పి పంపారు.

"చినబాబు ఒక ముక్క తీసి మిషనులో పెట్టాడు" అన్నారు మూర్తిగారు, ఆమె వచ్చినట్టు అడుగుల చప్పుడుతోనే పోల్చుకుని. "అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. ఇనుములో తప్పు లేదు. అయినా పగిలింది."

"ఉంటాయి సార్. మిషను కదా, తప్పు చెప్పదు" అంది బేబి. "నన్ను వద్దని మీరే అన్నారటండీ."

ఆయన తిరిగి చూశారు. "లోపలికి రా" అన్నారు.

లేబొరేటరీ వెనక చిన్న గది ఉంది. అందులో పాత ఫైళ్ళు, పగిలిన గాజుసామాను, ఒక మూల బల్ల మీద నల్లగుడ్డ కప్పిన మైక్రోస్కోపు. ఇనుముని చూసే మైక్రోస్కోపు. ఫౌండ్రీ పెట్టిన కొత్తలో తెప్పించారు. బేబి చేరిన ఏడాది మూర్తిగారు అందులో ఒకటి రెండుసార్లు ఏదో చూపించారు. తర్వాత రోజుకిన్ని పోతలు, ఇన్ని పరీక్షలు అయిపోయి, ఆ గది తలుపు తియ్యడానికి కూడా ఎవరికీ తీరలేదు.

"నేను కుర్రవాడిగా ఒక ఉక్కు కర్మాగారంలో చేశాను" అన్నారు మూర్తిగారు నిలబడే. "ఇలాంటి మిషనే వచ్చింది అక్కడికి. మా అందరిలోకీ మంచి కెమిస్టుని గౌరవంగా దాని మీద కూచోబెట్టారు. మేమందరం అసూయపడ్డాం. కొన్నాళ్ళకి ఆ మీట నొక్కడానికి కెమిస్టు అక్కర్లేదని తేలింది. టెన్త్ పాసైన కుర్రాడికి వారం నేర్పితే చాలు. అప్పటికి ఆయన బ్యూరెట్టు మర్చిపోయాడు, కొత్తదేమీ నేర్చుకోలేదు. చినబాబుకి వయసుంది, ఇంకెటైనా పోతాడు. నిన్ను అక్కడ కూచోబెడితే నీ చదువు ఆ గదిలోనే ఆగిపోతుంది."

బేబి చూపు బల్ల మీది నల్లగుడ్డ వైపు పోయింది.

"ఇనుములో ఏమేమున్నాయో మిషను చెబుతుంది. అవి లోపల ఎలా అమరాయో చెప్పదు. అదే బియ్యం, అదే పెసరపప్పు, అదే ఉప్పు. ఒకరోజు పులగం కుదురుతుంది, ఒకరోజు అడుగంటుతుంది. తూకం చూస్తే తెలుస్తుందా? అది కళ్ళతో చూడాలి. ఇన్నాళ్ళూ మనకి తూకం వెయ్యడంతోనే సరిపోయింది. ఇప్పుడు ఆ చాకిరీ మిషను చేస్తానంటోంది. చెయ్యనీ."

"ఆ మాట నాతో ముందే అనచ్చు కదండీ!" అంది బేబి. ఈసారి నిజంగా కోపంతోనే అంది. "నా ఉద్యోగం గురించి మీరూ మీరూ మాట్లాడుకుని, నాకు ఎవరెవరి నోటి వెంటో తెలియడమేంటి సార్?"

"అనాలి" అన్నారాయన. "నిజమే. ఈ గది నీకు అప్పగించే సంగతి జోగేశ్వరరావుగారు ఒప్పుకున్నాక చెబుదామనుకున్నాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. మైక్రోస్కోపు వల్ల ఏం ఒరుగుతుందో చూపించండి, అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. నేను దసరాకి రిటైరవుతాను. ఈలోపే చూపించాలి." నల్లగుడ్డ తీసి దులిపారు. దుమ్ముకి ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. "ఆ పగిలిన రోలరు దేవుడు పంపినట్టు వచ్చింది. నీకిష్టమైతే మొదలుపెట్టు. లేదూ, నాకు మిషనే కావాలంటే, ఇప్పుడే వెళ్ళి ఆయనతో చెబుతాను."

బేబి కిటికీ లోంచి లారీ మీది రోలరు వైపు చూసింది. అంచున పగులు, వానలో తడిసి, నల్లగా నోరు తెరుచుకుని ఉంది. "ముక్క ఎక్కడ కొయ్యమంటారు?" అని అడిగింది.

ఇనుము ముక్కని అద్దంలా నునుపు చెయ్యాలి. బేబి ఇన్నాళ్ళూ చేసిన పనిలో చెయ్యి ఆగాలి, కన్ను చూడాలి. ఈ పనిలో చెయ్యి ఆగకూడదు. బల్ల మీద ఎమరీ కాగితం పరిచి, ముక్కని ఒకే దిక్కుగా రుద్దాలి. గీతలన్నీ ఒకే వైపు తిరిగాక, ఇంకా సన్నటి కాగితం వేసి, ముక్కని అడ్డంగా తిప్పి, పాత గీతలు పోయేదాకా మళ్ళీ రుద్దాలి. ఆ తర్వాత అంతకంటే సన్నటి కాగితం. చివరికి తిరిగే చక్రం మీద తడి గుడ్డ వేసి, దాని మీద తెల్లటి పొడి నీళ్ళల్లో కలిపి చల్లి, మునివేళ్ళతో ఆనించాలి. ఎక్కువ నొక్కితే తోకలు లేస్తాయి. తక్కువ నొక్కితే ఏళ్ళు పడుతుంది.

మొదటి ముక్క అంతా గీతలే. రెండోదాన్ని చక్రం ఎగరేసి గోడకు కొట్టింది. మూడోది బాగానే వచ్చిందనుకుని మైక్రోస్కోపు కింద పెడితే, వాన వెలిసిన ఆకాశంలో తోకచుక్కల్లా చారలు.

"ఏమైంది?" అనేవారు మూర్తిగారు కుర్చీలోంచి.

"తోకలు సార్."

"నొక్కేస్తున్నావు. కోపం ముక్క మీద చూపించకు."

ఆ మాటకు ఆమె నవ్వేసింది. మిషను దిగాక అదే మొదటి నవ్వు. వేళ్ళ కొసలు చర్మం ఊడి ఎర్రబడ్డాయి. ఇంటి దగ్గర సంపూర్ణమ్మ కొబ్బరినూనె రాస్తూ, "ఇదేం ఉద్యోగమే తల్లీ, మెత్తటి పని పోయి గరుకు పని వచ్చింది" అంది. నిజమే. కాని పొద్దున్నే బస్సెక్కేటప్పుడు బేబికి తెలియకుండానే కాళ్ళు వడివడిగా పడుతున్నాయి.

నాలుగో ముక్క కుదిరింది. ఎక్కడా గీత లేదు. ఆమె ఊపిరి బిగపట్టి ఫోకస్ సరిచేసి, "ఒకసారి చూడండి సార్" అని పక్కకు జరిగింది.

మూర్తిగారు కళ్ళజోడు తీసి, గొట్టానికి కన్ను ఆనించి, మర అటూ ఇటూ తిప్పారు. చాలాసేపు తిప్పారు. "బాగుంది. శుభ్రంగా ఉంది" అని లేచారు.

ఆయన లేచాక బేబి మళ్ళీ చూసింది. ఏమీ లేదు. పొగమంచు పట్టినట్టు బూడిదరంగు తప్ప ఏమీ లేదు. ఆయన తిప్పిన మర బొమ్మని దాటి ఎక్కడికో పోయింది. అంత దూరం పోయినా ఆయనకు తేడా తెలియలేదు.

బేబి కదలకుండా అలాగే కన్ను ఆనించి కూర్చుండిపోయింది. ఆయన అడుగుల చప్పుడుతో మనుషుల్ని పోల్చుకోవడం, టీ గ్లాసు తడుముకుని పెట్టడం, ఈ మధ్య అంకెలన్నీ ఆమె చేతనే చదివించడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. శుక్లాలు. తనకు అన్నిటికంటే ఇష్టమైన పని ఆయన ఇక చెయ్యలేరు. ఆ పనినే జోగేశ్వరరావుగారి దగ్గర బేబి కోసం అడిగి ఉంచారు.

ఆమె మర నెమ్మదిగా వెనక్కి తిప్పి, బొమ్మ తేటపడ్డాక, తనలో తాను అనుకుంటున్నట్టు పైకే చెప్పడం మొదలుపెట్టింది. "తెల్లటి నేల సార్. దాని మీద నల్లగా, సన్నగా, వంకర తిరిగిన పీచులు. పొడుగ్గా ఉన్నాయి. అంతా ఒకేలా పరుచుకుని ఉన్నాయి. ఇది రోలరు లోపలి ముక్క."

కుర్చీలో ఆయన కదలడం ఆగిపోయింది. "అది గ్రాఫైటు. అలాగే ఉండాలి. అంచు ముక్క పెట్టు" అన్నారు మెల్లగా. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆయన గొట్టంలో చూడబోలేదు. ఆమె చూడమనీ అనలేదు.

అంచు ముక్కలో పీచులు లేవు. లోపలినుంచి పైకి వస్తున్నకొద్దీ సన్నబడి, పగులు దగ్గరకు వచ్చేసరికి అసలు లేకుండా పోయాయి. అక్కడ ఇనుము తెల్లగా, గట్టిగా, గాజులా ఉంది. ఆమె చెప్పింది వింటూనే మూర్తిగారు లేచి నిలబడ్డారు. "పైపొర మరీ తొందరగా చల్లారింది. కర్బనం గ్రాఫైటుగా విడిపోవడానికి టైము చాల్లేదు. అందుకే టూళ్ళు విరిగాయి. ఎందుకు చల్లారింది? కనుక్కో."

కనుక్కోవడానికి బేబి మౌల్డింగు షెడ్డుకు వెళ్ళింది. ఎన్నో ఏళ్ళుగా ఆ షెడ్డు ముందునుంచే నడిచింది గాని లోపల ఇంతసేపు ఎప్పుడూ నిలబడలేదు. అచ్చులు కట్టే ఇసక కుప్ప మీద, రేకుల చిల్లుల్లోంచి, వాన ధారగా కారుతోంది. మౌల్డర్లు దాని మీద గోనెలు కప్పుకుని పని చేసుకుంటున్నారు. "ఈ ఏడు మరీ కారుతోందమ్మా. అడుగుతూనే ఉన్నాం" అన్నారు. బేబి చెయ్యి ఇసకలో పెట్టి పిడికిలి బిగించింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఊరాయి.

ఒకే పోతలోంచి రెండు కడ్డీలు పోయించింది. ఒకటి ఆ తడి ఇసక అచ్చులో, ఒకటి పెనం మీద ఆరబెట్టిన ఇసక అచ్చులో. రెంటిలోంచీ బిళ్ళలు తీసి చినబాబుకి ఇచ్చింది. అతను అరగదీసి, బిగించి, మీట నొక్కాడు. రెండు చీలికలూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టున్నాయి.

"ఇంకోసారి చూడమంటారా మేడం?" అన్నాడు చినబాబు. కొద్దిరోజులనుంచీ ఆమె ముందు తప్పు చేసినవాడిలా తిరుగుతున్నాడు.

"అక్కర్లేదు బాబూ" అంది బేబి. "ఈ రెండూ ఒకటేనని తేల్చడానికి నాకైతే రెండు రోజులు పట్టేది. నువ్వు టీ చల్లారేలోపు తేల్చేశావు." అంటున్నప్పుడే ఆమెకు తెలిసింది, ఆ మాట పైపైకి అనడం లేదు. ఏసీ చల్లదనంలో బరబరమంటున్న ఆ పెట్టె మీద తనకి కోపం లేదు. చినబాబు ముఖం విప్పారింది. కూచోమని కుర్చీ జరిపాడు.

కడ్డీలు రెండూ నునుపుచేసి చూస్తే, ఆరిన ఇసకలో పోసినది లోపల్నుంచి అంచుదాకా పీచులతో నిండుగా ఉంది. తడి ఇసకలో పోసినది అంచున తెల్లగా ఉంది.

సోమవారం జోగేశ్వరరావుగారు వెనక గదికి వచ్చారు. బేబి ఆయనను కూర్చోబెట్టి రెండు ముక్కలూ చూపించింది. ఆయన ఒక కన్ను మూసుకుని, తర్వాత రెండో కన్ను మూసుకుని, మార్చి మార్చి చూశారు. ఎందుకిలా అయిందో వివరంగా చెప్పింది. ఇసక సంగతి చెప్పేటప్పుడు మాత్రం కాస్త తటపటాయించింది. మూర్తిగారు కుర్చీలోంచి, "చెప్పు, చెప్పు. రేకులు కారుతున్నాయని చెప్పు" అన్నారు.

జోగేశ్వరరావుగారు తల దించుకుని నేల చూశారు. తర్వాత తనలో తానే నవ్వుకున్నారు. "మిషను తడుస్తుందని దానికి స్లాబు వేయించాను. ఇసక తడిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను." లేచి నిలబడ్డారు. "రేకులు రేపే మార్పిస్తాను. మిల్లువాళ్ళ దగ్గరికి నేను స్వయంగా వెళతాను. మీరు కూడా రావాలమ్మా, నాకు ఇలా చెప్పడం రాదు. మూర్తిగారూ, మీ తర్వాత ఈ గది అమ్మాయి చూసుకుంటుంది. సరేనా?"

"నన్నడుగుతారేంటి, ఆమెనడగండి" అన్నారు మూర్తిగారు.

బేబికి ఇప్పుడు అడక్కపోతే మళ్ళీ ఎప్పటికీ అడగలేనని తోచింది. "ఒక మనిషి కావాలండి" అంది. "పాలిషింగుకి. యెహెజ్కేలుగారైతే బావుంటుంది."

"ఆయన సీసాలు కడిగే మనిషి కదమ్మా?"

"ఇన్నేళ్ళలో ఒక్క ఫ్లాస్కు పగలగొట్టలేదండి. ఆ నిలకడ నా చేతికి లేదు. ఇక్కడికే పంపండి."

ఆయన మూర్తిగారి వైపు చూశారు, గోడ వైపు చూశారు. "సరే, దసరా దాకా చూద్దాం" అన్నారు. పల్లంరాజు గురించి కూడా అడుగుదామని బేబి నోరు తెరిచింది. కాని ఆయన అప్పటికే గుమ్మం దాటారు. పల్లంరాజు డిస్పాచిలోనే ఉండిపోయాడు. ఆ లోటు బేబి మనసులో కూడా అలాగే ఉండిపోయింది.

యెహెజ్కేలుకి సంగతి చెప్పడానికి వెళితే, ఆయన ఖాళీ ఆసిడ్ జాడీలు ఒక్కొక్కటీ కడిగి బోర్లిస్తున్నాడు. విని, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "అక్కడ ఆసిడ్ పని ఉంటుందా అమ్మా?"

"ఉంటుంది అన్నయ్యా. చెంచాడు, స్పిరిట్లో కలిపి, ముక్క మీద తుడవడానికి."

"చెంచాడైతే పర్లేదులెండి." తువ్వాలు మడుస్తూ, సిగ్గుపడుతున్నట్టుగా అన్నాడు. "మీకు చెప్పకూడదనుకున్నాను. మీరు బాధలో ఉన్నారని. ఆ మిషను దిగిన రోజు నేను ఇంటికెళ్ళి మోకాళ్ళూని స్తోత్రం చేసుకున్నానమ్మా. ఈ పొగ పీల్చీ పీల్చీ రాత్రిళ్ళు పడుకోలేకపోతున్నాను. ఉద్యోగం పోతే పోయింది, పొగ పోయింది చాలనుకున్నాను."

బేబి నివ్వెరపోయింది. ఆ గోధుమరంగు పొగ తానూ పీల్చింది. కాని ఆసిడ్ కాచే అలమర ముందు నిలబడింది ఆయన. తలుపుకి అటువైపు నిలబడింది తను. పోతున్నదాని కోసం తాను ఏడుస్తుంటే, అదే పోతున్నందుకు ఆయన స్తోత్రం చేసుకున్నాడు. "నాకు తట్టనే లేదు అన్నయ్యా" అంది.

"మీకెలా తెలుస్తుందమ్మా, నేను చెబితే గదా."

ఆ వారంలోనే యెహెజ్కేలు మొదటి ముక్క నునుపు చేశాడు. రేకులు మార్చాక ఆరిన ఇసకలో పోసిన కొత్త రోలరు ముక్క అది. బేబి దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ఫోకస్ సరిచేసి, చూడబోయి ఆగింది. కుర్చీలోంచి లేచింది.

"మీరు చూడండి ముందు."

"నేనా? నాకేం తెలుస్తుందమ్మా!"

"చూడండి. మీరు చేసిందే కదా."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా వంగి, కన్ను ఆనించాడు. అలాగే ఉండిపోయాడు. బయట షెడ్డులో కొత్త రేకుల మీద వాన పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మూర్తిగారు కుర్చీలో ముందుకు వంగారు.

"ఏం కనిపిస్తోంది యెహెజ్కేలూ? నాక్కూడా చెప్పు."

"ఏమోనండి. పిచ్చిగా ఉంటుందేమో."

"పర్లేదు, చెప్పు."

"మట్టిగోడ పెట్టేటప్పుడు బురదలో ఊక కలిపి తొక్కుతాం కదండీ. ఆ గోడ ఆరాక దగ్గరగా చూస్తే ఎలా ఉంటుందో అలా ఉందండి. మన్ను నిండా ఊక."

"గోడ అంచుదాకా ఉందా ఊక?"

యెహెజ్కేలు ఇంకాస్త వంగాడు. బేబి ఆయన చేతిని మర మీద పెట్టి, ముక్కని మెల్లగా పక్కకు జరపడం చూపించింది.

"ఉందండి" అన్నాడు. "అంచుదాకా ఉందండి. ఎక్కడా ఖాళీ లేదు."

మూర్తిగారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ముఖం మీద, ఎంతో ఇష్టమైన ఊరు రైలు కిటికీలోంచి కనపడుతున్నట్టు, నెమ్మదిగా వెలుగు పరుచుకుంది. బేబి కుర్చీ ఒకటి తెచ్చి యెహెజ్కేలు వెనక వేసి, "కూచుని చూడండి అన్నయ్యా. సార్‌కి ఇంకా చెప్పండి" అంది.